మంగాయమ్మ పాఠం

గోదావరి కోనసీమను ముంచి తీసిన ఏడాది, నీళ్ళు తగ్గాక ఊళ్ళలో బురదకంటే ఎక్కువగా మిగిలింది కొబ్బరి పీచు. ఏటి మధ్య లంకల్లోని పీచు కుప్పలన్నీ కొట్టుకొచ్చి వసారాల్లో, బడుల్లో, కాలవ గట్ల మీద మేటలు వేశాయి. ఆ మీద ఎండ కాసింది. మామూలు ఎండ కాదు, ఏటికేడాది ముదురుతూ వచ్చిన ఎండ. తడిసిన పీచు ఆ వేడికి ఉడికి, పైన బూడిదరంగు బూజు పట్టింది. జనం ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని దాన్ని ఎత్తి పారబోశారు. నెల తిరక్కముందే దగ్గులు మొదలయ్యాయి.

బూజు మనిషికి కొత్త కాదు. పీల్చే గాలిలో ఎప్పుడూ ఉండేదే. మన ఒంటి వేడికి చాలా రకాలు బతకలేవు. బతికిన వాటిని రక్తంలోని తెల్లకణాలు వెతికి చంపేస్తాయి. ఈ బూజు మాత్రం ఎండల్లో పెరిగి పెరిగి వేడిని ఓర్చుకోవడం నేర్చింది. ఊపిరితిత్తుల్లో దిగి నూలుపోగుల్లా అల్లుకునేది. ఉన్న మందులేవీ దానికి ఆనలేదు. పీచురోగం అని జనమే పేరు పెట్టారు. ఆసుపత్రిలో చేరిన ఇద్దరిలో ఒకరు ఇంటికి తిరిగి వెళ్ళలేదు.

మంగాయమ్మ మాత్రం వెళ్ళింది. అరవైకి దగ్గరపడిన మనిషి. పెళ్ళై వచ్చిన దగ్గరనుంచీ కొబ్బరి తాడు పేనడమే ఆమె పని. అందరిలాగే దగ్గుతూ వచ్చి, వారం తిరక్కుండా మంచం మీద లేచి కూర్చుని, ఇంటికి పంపమని గొడవ పెట్టింది.

కాకినాడలో ఆ ఆసుపత్రికి ఆనుకునే ఒక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే డాక్టర్ సువర్చల ఆమెను ఆపి, కాస్త రక్తం అడిగి తీసుకుంది. నాలుగు రోజుల తరవాత మళ్ళీ పిలిపించి ఒక తెర ముందు కూర్చోబెట్టింది.

"ముందు ఇది చూడండి. ఇది వేరే పేషెంటుది."

తెర మీద బూడిదరంగు పోగులు కనిపించాయి. వాటి పక్కనుంచే తెల్లకణాలు ఏమీ ఎరగనట్టు దొర్లుకుంటూ పోతున్నాయి.

"బూజు ఒంటి మీద ఒక రకం చక్కెర ఉంటుందండి. మన కణాలు దాన్ని బట్టే శత్రువుని గుర్తుపడతాయి. ఈ మాయదారిది ఆ చక్కెర మీద ఇంకో పొర కప్పేసుకుంది. దొంగ ఇంటివాళ్ళ దుప్పటే కప్పుకుని పడుకున్నట్టు."

"మరి కాపలావోళ్ళేం సేత్తారు పాపం," అంది మంగాయమ్మ.

"ఇప్పుడు మీది చూడండి."

ఈసారి కణాలు ఆగాయి. పోగుని తడిమి, పైపొరను గీకి ఊడదీశాయి. పోగు ఒక్క కణం మింగలేనంత పొడుగు. కాసేపటికి ఒక కణం ఉబ్బి పగిలి, లోపలినుంచి సన్నటి దారాలను చిమ్మింది. ఆ దారాలు పోగును చుట్టేశాయి.

"వల ఇసిరినట్టుందేటమ్మా!"

"వలేనండి. తన లోపలి దారాలనే వలగా విసురుతుంది. అలా విసిరిన కణం ఇంక బతకదు."

మంగాయమ్మ చాలాసేపు తెరనే చూసింది. "నా ఒంట్లో ఇంత తెగువుందని నాకెవరూ సెప్పలేదు డాక్టరమ్మా," అంది.

ఏళ్ళ తరబడి ఆ పీచు దుమ్ము కొద్దికొద్దిగా పీల్చి పీల్చి ఆమె ఎముకల మజ్జ ఈ బూజును నేర్చుకుంది. అక్కడ పుట్టే ప్రతి తెల్లకణమూ పుడుతూనే దాన్ని ఎరిగి వస్తోంది. అలాగని అది ఊరికే రాలేదు. వానలు పడి గోడలకు బూజు పట్టగానే మంగాయమ్మకు ఏటా జ్వరం వచ్చేది, కీళ్ళు వాచేవి. పని ఎగ్గొట్టడానికి దొంగజ్వరం తెచ్చుకుంటుందని అత్తగారు బతికున్నన్నాళ్ళూ సాధించిందట.

తెల్లకణాలు తాము నేర్చినదాన్ని చిన్న చిన్న బుడగల్లో పెట్టి పక్క కణాలకు పంపుకుంటాయి. సువర్చల కనిపెట్టింది ఆ బుడగలను రక్తంలోంచి వేరుచేసి, మరొకరి మజ్జకు చేర్చే పద్ధతి. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది. వార్డులో మాత్రం దాన్ని మంగాయమ్మ పాఠం అనేవారు.

మొదట ముగ్గురికి ఎక్కించారు. ఇద్దరు లేచి తిరిగారు. మూడోవాడు ఏసుబాబు, చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే కుర్రాడు. పెళ్ళి కావలసినవాడు. అతని ఊపిరితిత్తుల నిండా అప్పటికే పోగులు అల్లుకుని ఉన్నాయి. పాఠం నేర్చిన కణాలు ఒక్కసారిగా అక్కడికి ఉరికి, అన్నీ ఒకేసారి వలలు విసిరాయి. బూజు చచ్చింది. ఆ వలల కింద ఊపిరి ఆడక అతనూ పోయాడు.

కేంద్రం డైరెక్టరు త్రివిక్రమరావు ఆ మాట చెప్పడానికి తానే వార్డు బయటికి వచ్చాడు. ఏసుబాబు తల్లి మరియమ్మ ఆయన చెప్పిందంతా విని, పక్కనున్న సువర్చల వైపు తిరిగింది.

"ముందు మీ ఇళ్ళల్లో ఎవరికన్నా ఎక్కించి సూశారా అమ్మా? మా పిల్లలే దొరికారా మీకు?"



మర్నాడే ప్రయోగం నిలిపివేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మంగాయమ్మ రక్తం నమూనాలున్న ఫ్రీజరుకు తాళం పడింది. సువర్చల డైరెక్టరు గదిలోకి వెళ్ళి, ఏసుబాబు ఎందుకు పోయాడో తనకు తెలిసిందని చెప్పింది. పాఠాన్ని ఒక్కసారిగా కాక చిటికెడు చిటికెడుగా ఎక్కిస్తే కణాలు కొంచెం కొంచెంగా పుడతాయి, కొంచెం కొంచెంగా పోరాడతాయి.

"ముందు జంతువుల మీద చేసి చూపించండి. తరవాత కమిటీ చూస్తుంది," అన్నాడాయన.

"ఏడాది పడుతుంది సార్. ఈలోపు వార్డులో ఎవరూ మిగలరు."

"ఆ తల్లికి సమాధానం చెప్పింది మీరు కాదమ్మా, నేను. మళ్ళీ ఆ గుమ్మం దగ్గర నిలబడే శక్తి నాకు లేదు."

 సువర్చల లేచి బయటికి వచ్చేసింది.

ఆమె భర్త గంగాధరం అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవాడు. వరద తీశాక తరగతి గదుల్లో పేరుకున్న పీచును తోటి మాస్టర్లతో కలిసి ఎత్తిపోసిన సంగతి ఆమెకు చెప్పనే లేదు. ఆ శనివారం అతను మెట్లెక్కుతూ మధ్యలో ఆగి గోడ పట్టుకున్నాడు.

"వయసైపోతోందే," అన్నాడు నవ్వబోతూ. ఆ నవ్వు దగ్గులోకి జారింది.

ఆ దగ్గు ఎలాంటిదో సువర్చలకు గది లోపలినుంచే తెలిసిపోయింది.

ఎక్సరేలో రెండు పక్కలా నీడలు కమ్మి ఉన్నాయి. అతన్నీ అదే వార్డులో చేర్చారు. కిటికీ పక్క మంచం. ఆ వారమే మరియమ్మ కూడా అక్కడికే వచ్చింది. కొడుకుతోపాటు పీచు మోసిన మనిషే మరి. ఆమెకు రోగం ఇంకా మొదట్లోనే ఉంది. మొత్తం పదిమందికి పైగా ఉన్నారు.

ఒక మధ్యాహ్నం సువర్చల భర్త పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"మంగాయమ్మగారిని అడిగితే రక్తం ఇస్తారు. నా బల్ల మీదే వేరుచేస్తాను. మీకు చిటికెడు చిటికెడుగా ఎక్కిస్తాను. ఎవరికీ తెలియదు."

గంగాధరం కళ్ళు మూసుకునే విన్నాడు. "వీళ్ళకో?" అన్నాడు.

"అందరికీ అంటే దాగదండీ. నన్ను లోపలికే రానివ్వరు."

"అయితే నాకూ వద్దు."

"ఇదేం పంతమండీ? మీ ఎక్సరే నేను చూశాను. మీకు టైము లేదు!"

"పంతం కాదే. పక్క మంచం మీద బుల్లబ్బాయి దగ్గుతుంటే నేను దొంగమందు తాగి లేచి ఇంటికి పోవాలా? ఆ పైన ఏ మొహం పెట్టుకుని బళ్ళో పాఠం చెప్పను?" ఊపిరి కూడదీసుకోవడానికి ఆగాడు. "అందరికీ ఇయ్యి. పట్టపగలు, అందరూ చూస్తుండగా ఇయ్యి. ముందు నాకే ఇయ్యి."

"మీది ముదిరిపోయింది. అందరికంటే మీకే ప్రమాదం."

"అందుకే ముందు నాకు. పోతే డాక్టరుగారి మొగుడే పోయాడంటారు. పేదోళ్ళ మీద ప్రయోగాలు చేసిందని మాత్రం అనలేరు. మరియమ్మగారు అడిగినదానికి నీ దగ్గర సమాధానం లేదన్నావుగా. ఇదిగో, నేనున్నాను."

సువర్చలకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. లేచి వరండాలోకి పోయింది. మళ్ళీ లోపలికి వచ్చేసరికి ఆమె మొహంలో ఏడుపు లేదు.

కబురు అందగానే మంగాయమ్మ మొదటి బస్సుకే వచ్చేసింది.

"ఒద్దన్నారంట కదా పెద్దోళ్ళు?" అంది చెయ్యి చాపుతూ.

"అవునండి. మీకూ ఇబ్బంది రావచ్చు."

"రక్తం నాది. ఇత్తాను, ఇవ్వను అనాల్సింది నేను. ఆళ్ళెవరంట? కానీ అమ్మా, నీ సూది నువ్వు గుచ్చు."

మూడో రోజు పొద్దున్న పదిగంటలకు, వార్డు నిండా మనుషులుండగా, సువర్చల అందరి మధ్యా నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇది నిషేధించిన మందు. ఒకరు చనిపోయారు. మళ్ళీ ఎవరైనా పోవచ్చు. బతికినవాళ్ళకు కూడా ఒంట్లో పాఠం ఎప్పటికీ మరుపురాదు. వానాకాలం వస్తే జ్వరాలు వస్తాయి, కీళ్ళు వాస్తాయి, బూజు ఎక్కడుంటే అక్కడ ఒళ్ళు మండుతుంది. దానికి విరుగుడు ఇంకా లేదు. ఇష్టం లేనివాళ్ళు వద్దనవచ్చు.

 మరియమ్మ మంచం మీదనుంచి నెమ్మదిగా దిగి వచ్చింది.

"నా కొడుకెందుకు పోయాడో తెలిసిందన్నారంట, నిజవేనా?"

"నిజమేనమ్మా. ఒక్కసారే ఎక్కించాను. అది తప్పు. అతని వల్లే ఆ తప్పు తెలిసింది."

"అయితే ఆ తెలిసింది ఫ్రీజర్లో ఎట్టి తాళవేత్తే నేనొప్పుకోను. నాకెక్కించు."

"ముందు నాకమ్మా," అన్నాడు గంగాధరం కిటికీ పక్కనుంచి. "మా ఇంట్లోవాళ్ళకి ఎక్కించారా అని అడిగారుగా మీరు. ఈ వరసలో ముందు నిలబడే హక్కు నాది."

మరియమ్మ అతన్ని తేరిపార చూసి, తలూపి, పక్కకు జరిగింది.

అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, త్రివిక్రమరావు ఆయాసపడుతూ వచ్చాడు. "సువర్చలా, ఆపండి! మీ ఉద్యోగం పోతుంది. కేసు పెడతారు."

"పెట్టనివ్వండి సార్," అంది ఆమె, సూది చేతిలోనే పట్టుకుని. "ఈయన నా భర్త. చూస్తూ నిలబడతారా, వెళ్ళిపోతారా, అది మీ ఇష్టం."

ఆయన వెళ్ళలేదు. చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సూది దిగుతున్నప్పుడు మాత్రం మొహం తిప్పుకున్నాడు.

తరవాతి రోజుల్లో వార్డంతా జ్వరంతో కాలిపోయింది. అందులో అందరికంటే ఎక్కువగా కాలింది గంగాధరమే. సలసల కాగే ఒంటితో ఏవేవో ఎక్కాలు అప్పజెప్పాడు. ఒకరోజు పెదాలు నీలం తిరిగాయి. సువర్చల తరవాతి చిటికెడు ఎక్కించాలా వద్దా అని నిలబడిపోయింది. ఆపితే బూజు గెలుస్తుంది. ఆపకపోతే వలలు ఊపిరి కమ్మేస్తాయి. చివరికి అందులో సగం ఎక్కించి, మంచం పట్టె పట్టుకుని తెల్లవార్లూ అతని ఛాతీ లేచి పడటమే చూస్తూ కూర్చుంది. పొద్దెక్కాక అతను కళ్ళు తెరిచి కాఫీ అడిగాడు.

పక్క మంచం బుల్లబ్బాయి దక్కలేదు. మిగిలినవాళ్ళంతా దక్కారు.

కబురు లంకలన్నింటికీ పాకింది. పడవల మీద, ఆటోల మీద కొత్త రోగులు వచ్చారు. మంగాయమ్మ మళ్ళీ చెయ్యి చాపింది. ఆ తరవాత కూడా వస్తే సువర్చల తియ్యనంది.

"మీలో రక్తమే లేదండీ. ఇంక తీస్తే మీరు పడిపోతారు."

"ఆ పిల్లని సూడు," అంది మంగాయమ్మ, తలుపు దగ్గర తల్లి ఒళ్ళో దగ్గుతున్న ఒక పాపను చూపిస్తూ. "దానికి ఏం సెప్తావో సెప్పి రా. సెప్పగలిగితే నేనెల్లిపోతాను."

సువర్చల చివరిసారిగా ఇంకొంచెం తీసింది. ఆ పాప బతికింది.

తొలకరి పడింది. మంగాయమ్మకు ఏటా వచ్చే జ్వరమే వచ్చింది. ఈసారి దాన్ని తట్టుకునే సత్తువ ఒంట్లో మిగల్లేదు. సువర్చల ఊరు చేరేసరికే అంతా అయిపోయింది. వసారాలో సగం పేనిన తాడు ఉంది. ఆమె కోడలు సువర్చలను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది సువర్చలకు.

విచారణ జరిగింది. ఒక పెద్దాయన, రిటైరైన జడ్జీ, అడిగాడు: "ఇద్దరు చనిపోయారు. రక్తం ఇచ్చినామె కూడా పోయింది. మీరు చేసింది తప్పని ఒప్పుకుంటారా?"

"మంగాయమ్మగారి దగ్గర చివరిసారి రక్తం తియ్యడం తప్పేనండి. అది బతికినన్నాళ్ళూ నాతో ఉంటుంది. వార్డులో ఎక్కించడం తప్పు కాదు. రేపు అదే వార్డు, అదే దగ్గు వింటే మళ్ళీ ఎక్కిస్తాను."

ప్రయోగశాలలో అడుగుపెట్టకూడదని ఆమె మీద నిషేధం విధించారు. పాఠానికి మూలమైన మనిషే లేదు కనుక ఆ పరిశోధన ముగిసినట్టేనని తీర్పు చివర రాశారు.

ఇంట్లో ఆ వానాకాలం మామూలుగా సాగలేదు. గంగాధరం ఊపిరితిత్తులు బాగుపడ్డాయి, ఒంట్లో యుద్ధం మాత్రం ఆగలేదు. గోడకు చెమ్మ ఎక్కితే అతనికి జ్వరం ఎక్కేది. బూజు పట్టే పాత పుస్తకాలన్నీ వదిలించుకున్నారు. చేతివేళ్ళు ఉబ్బి సుద్దముక్క పట్టుకోలేక, పిల్లల్లో ఒకరిని బోర్డు దగ్గర నిలబెట్టి తాను నోటితో లెక్క చెప్పేవాడు. పొడి ఊరికి, అనంతపురం వైపు బదిలీ పెట్టుకుందామని సువర్చల ఎన్నిసార్లు అన్నా వినలేదు.

"ఈ బూజుకి భయపడి ఊరొదిలిపోతే, ఇక ఆ పోట్లాడినదెందుకే?" అనేవాడు.

అతని రక్తాన్ని ఆమె తనకు తెలిసిన ఒక చిన్న ల్యాబులో ఊరికే పరీక్షకు ఇచ్చింది. వచ్చిన ఫలితాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది. మంగాయమ్మ కణాలు ఎలా పొర ఊడదీసేవో, అతనివీ అలాగే ఊడదీస్తున్నాయి. అంతే బలంగా బుడగలు పంపుతున్నాయి. పాఠం నేర్చుకున్న ఒళ్ళు పాఠం చెప్పగలదు.

ఆ మాట విన్న గంగాధరం చాలాసేపు పడీపడీ నవ్వి, మరియమ్మకు ఫోను చేశాడు.

శ్రావణమాసంలో ముసురు పట్టిన ఒకరోజు, ఆసుపత్రిలో కొత్తగా చేరిన రోగులతో వార్డు నిండి ఉండగా, వాళ్ళంతా వచ్చారు. మరియమ్మ ముందు నడిచింది. వెనక గంగాధరం. ఆ వెనక వార్డులోంచి లేచి వెళ్ళినవాళ్ళందరూ. తడిసి, కళ్ళు ఎర్రబడి, ఒక్కొక్కరూ జ్వరంతో కాగిపోతూ, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని మెట్లెక్కారు. త్రివిక్రమరావు గుమ్మంలోకి వచ్చాడు.

"మా రక్తం తీసుకోండయ్యా," అంది మరియమ్మ. "మంగాయమ్మ పోయింది గానీ ఆవిడ పాఠం పోలేదు. మా అందర్లోనూ ఉందంట."

"అమ్మా, ఉత్తర్వులున్నాయి. ఫ్రీజరే సీలు వేసేశారు."

"ఫ్రీజరుకేసుకోండి. మా ఒంటికి తాళం ఎయ్యలేరు కదా?"

ఆయన ఆమె నుదుటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు. "మీకు జ్వరం. ఇక్కడ అందరికీ జ్వరమే. జ్వరం ఉన్నవాళ్ళ దగ్గర రక్తం తీసుకోకూడదమ్మా. అది రూలు."

"ఆ జొరమే కదండీ మందు!"

 లోపల వార్డులో ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. ఈ గుమ్మం దగ్గరే ఈ తల్లికి కొడుకు చావు కబురు చెప్పినవాడు, ఇప్పుడు ఆమె మొహంలోకి చూడలేక, ఆమె వెనక మెట్ల కింద వానలో నిలబడ్డ సువర్చలను చూశాడు.

"మీరు లోపలికి రాకూడదు," అన్నాడు.

"తెలుసు సార్."

"ప్రయోగశాల లోపలికి," అన్నాడు ఆయన మళ్ళీ, ఒక్కో మాటా నొక్కుతూ. "ఉత్తర్వులో వరండా గురించి ఏమీ రాయలేదు."

లోపలికి తిరిగి నర్సును కేకేసి సూదులు, సంచులు తెమ్మన్నాడు. తానే ఒక బల్లను ఈడ్చుకొచ్చి చూరు కింద వేశాడు.

సువర్చల చేతులు తుడుచుకుని వరండా ఎక్కింది. బల్ల మీద మొదట కూర్చున్నది మరియమ్మ. గంగాధరం ముందుకు రాబోతే చేత్తో ఆపింది.

"ఇయ్యాల ముందు నేను మాస్టారూ. ఆవేళ మీ వంతయిపోయింది."

మరియమ్మ జాకెట్టు చేతిని పైకి మడుచుకుంది. సువర్చల ఆమె దండచేతికి రబ్బరు పట్టీ కట్టి, పిడికిలి బిగించమంది. వేళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా ముడుచుకోలేదు. సువర్చల తన అరచేతిని ఆమె అరచేతి కింద పెట్టి, ఆ వేళ్ళను ఒక్కొక్కటే మడిచి, మొత్తం పిడికిలిని తన చేత్తో గట్టిగా మూసి పట్టుకుంది. నరం ఉబికింది.

"గుచ్చమ్మా," అంది మరియమ్మ. "సూత్తన్నాను, పర్లేదు."